బాతులు పెంచుతానన్న చిన్నికి పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి చిన్నికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయు ఉత్తరం.

పెరట్లో 20 ఖాకీ క్యాంబెల్ జాతి బాతు పిల్లలను పెంచబోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పినప్పుడు నాకు ఎంత సంతోషం కలిగిందో, ఆ వెంటనే అంత గుబులూ కలిగింది. మన ఇంట్లో బాతుల పెంపకం మీ పెదనాన్నగారితోనే ఆగిపోయిందనుకున్నాను. ఇంత చదువుకున్న పిల్లవు మళ్ళీ ఆ పనికి పూనుకోవడం నాకు గర్వంగానే ఉంది. అయితే నీళ్ళు దగ్గరగా ఉంటాయని గూడు కాలువ గట్టునే కడతానన్నావట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర సరిగా పట్టడం లేదు. బాతు నీళ్ళలో తిరిగే పక్షే కానీ తడిలో పడుకునే పక్షి కాదమ్మా.

గూడు పాత పశువుల పాక ఉన్న మెరక మీద కట్టించు. రాత్రి పడుకోవడానికి ఒక్కో బాతుకు 3 చదరపు అడుగుల చోటు కావాలి కనుక, నీ 20 పిల్లలకూ 60 చదరపు అడుగులు సరిపోతాయి. నేలను సిమెంటుతో గాని, గట్టిగా దిమ్మిస కొట్టిన మట్టితో గాని వేయించి, తలుపు వైపుకు వాలు పెట్టించు. దాని మీద మందంగా వరి ఊక పరిచి, రోజూ ఉదయం తిరగేసి, తడిసిన చోట తీసి కొత్తది వేయాలి. గూట్లోకి వంగి ఊపిరి పీలిస్తే నీ కళ్ళు మండాయంటే, నేలకు అంత దగ్గరగా రాత్రంతా ఉన్న బాతులు అప్పటికే తడి రెట్ట నుంచి లేచే ఆ ఘాటు గాలికి బాధ పడుతున్నాయని తెలుసుకో. గోడలు రెండడుగుల ఎత్తు వరకు ఇటుకతో కట్టించి, పైన సన్న కన్నుల ఇనుప వల బిగించు. ముంగిసకు చిన్న సందు చాలు. తలుపు మాత్రం వెడల్పుగా ఉండాలి, ఎందుకంటే కోళ్ళలా అవి ఒకదాని వెనుక ఒకటి రావు. తెల్లవారగానే అన్నీ ఒక్కసారిగా తోసుకుంటూ వస్తాయి, ఇరుకైతే కాళ్ళు విరుగుతాయి.

నీళ్ళ తొట్టి గూటి బయట, గులకరాళ్ళు పోసిన గుంట మీద పెట్టు. 5, 6 అంగుళాల లోతు ఉంటే ముక్కు, కళ్ళు ముంచి కడుక్కుంటాయి. గుడ్లు పెట్టడానికి ఈత అవసరం లేదు. మేత ఉన్నంతసేపూ నీళ్ళు ఉండి తీరాలి, లేకపోతే మేత గొంతుకు అడ్డుపడుతుంది. యంత్రంలో పొదిగిన పిల్లలకు తల్లి ఒంటి నూనె అంటదు కనుక, మొదటి మూడు నాలుగు వారాలు బల్బు వెచ్చదనంలోనే ఉంచు, కాలువ చూపించవద్దు.

ఇక మేత సంగతి. ఇది మాత్రం రెండుసార్లు చదువు.

1996 నవంబరు 6న వచ్చిన తుఫానుకు కోనసీమలో కొబ్బరి చెట్లు ఎలా కూలాయో నీకు తెలియదు, అప్పటికి నువ్వు పుట్టలేదు. మా కొట్టుగది పైకప్పు లేచిపోయి, బస్తాలలో ఉన్న, నూనె తీయగా మిగిలిన వేరుశనగ చెక్క తడిసింది. మీ పెదనాన్నగారు ఏ వస్తువూ పారేసే మనిషి కాదు. వాన వెలిశాక ఆ చెక్కను డాబా మీద ఎండబోసి, పైన పట్టిన పచ్చటి బూజును కత్తితో గీకి, దంచి తవుడులో కలిపి కోళ్ళకూ బాతులకూ ఒకే తొట్టిలో పెట్టారు. బూజు వాసన వస్తోందని నేను అంటే, ఎండలో అంతా పోయిందన్నారు. కోళ్ళు కాస్త మందగించినా బతికాయి. బాతు పిల్లలు మాత్రం ముందు మేత మానేశాయి, తరువాత కుంటాయి, ఆ పైన వెల్లకిలా పడి తల వెనక్కి విరుచుకుని, ఉత్త గాలిలో కాళ్ళు కొట్టుకుంటూ చచ్చిపోయాయి. పసుపుపచ్చగా ఉండవలసిన కాళ్ళు ఊదా రంగుకు తిరిగాయి. ఏదో తెగులనుకుని మీ పెదనాన్నగారు గూడంతా సున్నం కొట్టించి, అదే మేత మళ్ళీ పెట్టారు.

చివరికి పశువుల డాక్టరుగారు వచ్చి ఒక పిల్లను కోసి, పాలిపోయి రక్తపు మచ్చలు పడిన కాలేయం చూపించారు. ఎండకు బూజు చచ్చిందేమో కానీ అది విడిచిన విషం చావలేదని, దాని పేరు అఫ్లటాక్సిన్ అని, ఉడకబెట్టినా పోదని చెప్పారు. 1960లో ఇంగ్లండులో వేల కొద్దీ టర్కీ కోళ్ళు చచ్చిపోతే, వేరుశనగ చెక్కలోనే ఈ విషం బయటపడిందట. దానికి అన్నిటికంటే తొందరగా లొంగేది బాతు పిల్ల కనుక, ఆ రోజుల్లో మేతలో విషం ఉందో లేదో తేల్చడానికి ఒక రోజు వయసు బాతు పిల్లల మీదనే పరీక్షించేవారట. అది విని మీ పెదనాన్నగారు అరుగు మీద కూర్చుండిపోయారు. ఆ తరువాత మేము బాతులను పెంచలేదు.

అందుచేత వేరుశనగ చెక్క జోలికే పోవద్దు. మొక్కజొన్న కొంటే గింజ కొరికి చూడు. మెత్తగా ఉన్నా, ముక్కిన వాసన వచ్చినా ఎంత చవకైనా వద్దు. పదిహేను రోజులకు సరిపడా మాత్రమే తెచ్చి, గోడకు ఆనకుండా చెక్క బల్ల మీద పెట్టు. మేత తడిపితే ఆ పూటకే తడుపు, మిగిలింది పారబోసి తొట్టి కడుగు. రూపాయి నష్టం వచ్చిందని నన్ను తిట్టుకున్నా సరే. తవుడు, నూకలు, ఎండు చేపల పొడి చాలు; కోడిపిల్లల మేత మాత్రమే పెడితే నియాసిన్ అనే విటమిన్ చాలక కాళ్ళు వంకర పోతాయి, కాస్త ఈస్టు కలుపు.

చిన్నప్పుడు వేసవి సెలవులకు వచ్చి పక్కింటి బాతులను కాళ్ళు పట్టుకుని ఎత్తేదానివి, నేను వీపు మీద ఒకటి వేసేదాన్ని. ఆ పని ఇప్పుడు చేశావంటే మళ్ళీ వేస్తాను. వాటి కాళ్ళు సున్నితం. మెడ మొదలు దగ్గర పట్టి, రెండో చేత్తో పొట్ట కింద ఆసరా ఇచ్చి ఎత్తాలి. దెబ్బ తిని కూడా ఏడవకుండా, బాతుకు నొప్పి పుట్టిందా పెద్దమ్మా అని అడిగిన పిల్లవు నువ్వు. అందుకే నీ చేతిలో అవి బాగుంటాయన్న నమ్మకం నాకుంది.

పక్క చేలలోకి వదిలేముందు గుళికల మందు చల్లారేమో రైతును అడుగు, గింజలనుకుని తినేస్తాయి. తెల్లవారుజామున గుడ్లు పెడతాయి కనుక తొమ్మిది దాటాక వదలడం మంచిది. ఎనిమిది, పన్నెండు వారాల మధ్య బాతు ప్లేగు టీకా వేయించు. 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల్లో బర్డ్‌ఫ్లూ వచ్చింది గుర్తుంది కదా. బాతు జబ్బు కనపడకుండానే ఆ వైరస్‌ను మోయగలదు. కోళ్ళతో కలపవద్దు, గూడు ఊడ్చేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకో, రెండు మూడు ఒక్కసారి చచ్చిపోతే చేతితో తాకకుండా పశువుల ఆసుపత్రికి కబురు పెట్టు. గుడ్లు బాగా ఉడికించి తినండి.

ఆదివారం మీ అన్నయ్య వస్తున్నాడు, వాడి చేత ఇనుప వల చుట్టా, మేతకు మూత డబ్బా పంపుతున్నాను. గూటి నేల వేయించాక ఒక బిందెడు నీళ్ళు పోసి, అవి ఎటు పోతున్నాయో ఫోన్‌లో వీడియో తీసి పంపు. నేను చూసి సరే అన్నాకే పిల్లలను తెప్పించు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ