లారీ డీజిల్ ముల్లు తప్పు చూపిస్తోంది, సీసా మందు పోస్తే సరి అవుతదా?

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇది: ముల్లు పావు ట్యాంకు చూపిస్తుండగానే శ్రీశైలం దారిలో మన్ననూరు దాటినంక ఘాట్ మీద బండి ఆగిపోయింది. బంకు కాడ ఒకాయన, డీజిల్‌లో కలిపే సీసా మందు పోస్తే ట్యాంకు లోపలి మీటరు కూడా శుభ్రమైతది, యావరేజ్ (లీటరుకు నడిచే కిలోమీటర్లు) కూడా పెరుగుతది అన్నడు. నిజమేనా అని.

కాదు. మందుతో ముల్లు బాగుపడదు. ముల్లు సరిగ్గా లేని బండిలో, దాన్ని చూసి మందు పనిచేసిందో లేదో తెలుసుకునే దారి కూడా ఉండదు. ఈ రెండో మాట నాకు అర్థం కావడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాదిలో ఒక మంచి మనిషిని దొంగ అనుకున్న. అందుకే ఇంత పొడుగు రాస్తున్న.

మాది మిర్యాలగూడ. పది టైర్ల బండి సెకండ్ హ్యాండ్‌లో కొన్న. మిల్లు బియ్యం, లేదంటే వాడపల్లి నుంచి సిమెంటు, ఎక్కువగా హైదరాబాద్ కిరాయిలే. మొదట్లో చేతిల పైసలు లేక ఎప్పుడూ ఐదు వేలకో ఆరు వేలకో డీజిల్ పోయించేది. ముల్లు సగం కాడికి వచ్చేది, మళ్ల చూసేసరికి పడిపోయేది. బండి డీజిల్ తాగుతుందని బెంగపడి ఒక మందు కొన్న. సీసా మీద ట్యాంకు ఫుల్ చేసి కలపమని రాసి ఉంటే, అప్పు చేసి మరీ ఫుల్ చేయించిన. ఆ ట్రిప్పులో హైదరాబాద్ పోయినా ముల్లు పైనుంచి కదల్లేదు. నా సంతోషం ఇంతా అంతా కాదు. నలుగురికీ చెప్పిన, ఇద్దరితో కొనిపిచ్చిన కూడా.

తర్వాత మా డ్రైవరన్న ఒక్కడే లోడుతో పోయి వచ్చిండు. దిగేటప్పుడు ముల్లు సగం కింద ఉన్నది, మరుసటి ట్రిప్పుకు ఇంకా కిందికి. మందు పోసినంక కూడా గింత తగ్గిందంటే దారిలో తీసి అమ్ముతున్నడు అనుకున్న. జీతంలో మూడు వేలు పట్టుకున్న. ఆయన గొడవ పెట్టుకోలేదు. బండి తాళం టేబుల్ మీద పెట్టి పోయిండు.

రెండు నెలలకు వేరే పని మీద ట్యాంకు విప్పితే అసలు సంగతి బయటపడ్డది. ట్యాంకు లోపల ఒక తేలే బంతి, దానికో కడ్డీ, ఆ కడ్డీ చివర రెసిస్టెన్స్ పట్టీ మీద జరిగే కాంటాక్టు ఉంటయి. దీన్నే మన వైరింగ్ మేస్త్రీలు ట్యాంక్ యూనిట్ అంటరు. బంతి ఎంత ఎత్తులో ఉంటే ముల్లు అంత చూపిస్తది. నాకు అమ్మిన పాత ఓనరు లోతు ఎక్కువున్న ట్యాంకు వేయించి, యూనిట్ మాత్రం పాత ట్యాంకుదే బిగించిండు. కడ్డీ పొట్టిది. డీజిల్ ఎంత నిండినా బంతి కొంత ఎత్తు వరకే లేస్తది, కిందికి కూడా అడుగు దాకా పోదు. అంటే ఫుల్ చేస్తే మొదటి కొన్ని పదుల లీటర్లు ఖర్చయ్యేదాకా ముల్లు కదలదు. ఆ తర్వాత దబదబా పడిపోతది. చివరికి సున్నా మీద ఉన్నప్పుడు కూడా అడుగున డీజిల్ ఉంటది. నేను మందు గొప్పతనం అనుకున్నదీ, దొంగతనం అనుకున్నదీ రెండూ ఆ పొట్టి కడ్డీ పనే.

ఆ డ్రైవరన్న ఊరు దేవరకొండ దిక్కు. ఆ మూడు వేలు తీసుకొని పోయి, కడ్డీ సంగతి మొత్తం చెప్పి, తప్పు నాదే అన్న. వరి కోతలు అయినంక మళ్ల వచ్చిండు. ఇప్పటికీ నా బండి ఆయనే నడుపుతడు.

ఇప్పుడు నీ బండి సంగతి. ముందు ఒక్కటి తేల్చుకో: ఆగినప్పుడు ట్యాంకులో నిజంగా డీజిల్ లేదా, ఉండి కూడా ఇంజనుకు అందలేదా? ఇది మూత తీసి కర్ర దించి చూస్తే తప్ప తెల్వదు. డీజిల్ ఉండి ఆగిందంటే ముల్లు నిజమే చెప్పింది. అప్పుడు ట్యాంకులో డీజిల్ పీల్చే పైపు మధ్యలో పగిలిందేమో చూపించు. మట్టం ఆ పగులు కిందికి దిగంగానే గాలి పీల్చి బండి ఆగుతది. మూత తీయంగానే బుస్సుమని గాలి లోపలికి పోయిందంటే గాలి రంధ్రం మూసుకుపోయినట్టు. ఘాట్ ఎక్కేటప్పుడు డీజిల్ అంతా వెనక్కి చేరుతది కాబట్టి తక్కువ డీజిల్ ఉంటే పీల్చే పైపుకు అందకపోవచ్చు కూడా.

డీజిల్ నిజంగానే లేకుంటే, కడ్డీ ఎక్కడన్నా వంగిందా, ఇరుక్కుందా చూడాలి. ట్యాంకు అడుగు సొట్ట పోయినా, వెల్డింగుకని దింపి మళ్ల ఎక్కించినా ఇట్ల జరుగుతది. ముల్లు ఒకే చోట గజగజ ఎగిరితే పట్టీ అక్కడ అరిగింది. ఎర్త్ వైరు తుప్పు పట్టినా ముల్లు తప్పే చూపిస్తది. ముందు ఎర్త్ గీకి శుభ్రం చేయించు, దానికి ఖర్చేం లేదు. పట్టీ అరిగితే యూనిట్ మార్చాల్సిందే, అరిగిపోయిన పట్టీని ఏ మందూ మళ్ల మొలిపించదు. మందు యూనిట్‌ను కడుగుతదనే మాట పెట్రోలు కార్ల నుంచి వచ్చింది. పెట్రోలులోని గంధకం కాంటాక్టుల మీద పేరుకునేది, దాని కోసం పుట్టిన మందులు అవి. మన దగ్గర 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్ముతున్న బీఎస్-6 (కొత్త కాలుష్య ప్రమాణం) డీజిల్‌లో గంధకం 10 పీపీఎం, అంటే పది లక్షల వంతుల్లో పది, మించదు.

ముల్లు సరిగ్గా ఉన్నా పావు అంటే పావు కాదు, ఇది చాలామంది ఓనర్లకే తెల్వదు. పడుకోబెట్టిన గుండ్రటి డ్రమ్ము లాంటి ట్యాంకు అయితే, ఎత్తులో పావు వంతు మట్టం ఉన్నప్పుడు లోపల ఉండేది దాదాపు 19.5 శాతమే. 300 లీటర్ల ట్యాంకులో 75 ఉన్నయనుకుంటవు, ఉండేది 58, 59. ఎనిమిదో వంతు ఎత్తుకు వస్తే 37 అనుకునే చోట 21, 22 లీటర్లు. నీది గుండ్రటి ట్యాంకు అయితే ఘాట్ మీద సగం కథ ఇదే కావచ్చు.

అందుకే నేను ముల్లును పక్కన పెట్టి కర్ర చేసుకున్న. ట్యాంకు దాదాపు ఖాళీ అయినప్పుడు బండిని చదును నేల మీద నిలబెట్టి, మిగిలింది కూడా డబ్బాలోకి వంచి, కొలిచిన 20 లీటర్ల డబ్బాతో ఒక్కొక్కటే పోసుకుంటూ ఎండిన వెదురు కర్ర మీద ప్రతిసారీ గాటు పెట్టినం. గాట్లన్నీ సమానంగా రావు, నడుమ దగ్గర దగ్గరగా, అడుగునా పైనా దూరం దూరంగా వస్తయి. అది తప్పు కాదు, ట్యాంకు ఆకారమే అంత. దించే ముందు కర్రను శుభ్రమైన బట్టతో తుడువు, దుమ్ము లోపలికి పోతే ఫిల్టరుకే చేటు.

యావరేజ్ లెక్కకు ఫుల్ నుంచి ఫుల్ ఒక్కటే పద్ధతి. అది కూడా ఒక్కసారి చూసి నమ్మకు. నురుగు వల్ల ఫుల్ అన్నది ప్రతిసారీ రెండు మూడు లీటర్లు అటూ ఇటూ అయితది. 40 లీటర్లకు లెక్క తీస్తే ఆ తేడానే ఐదు శాతం దాటుతది, 250 లీటర్లకు అయితే ఒక శాతం చుట్టూ ఆగుతది. నేను యూనిట్ మార్పించినంక మందు లేకుండా నాలుగు ఫుల్ ట్యాంకులు, మందుతో నాలుగు, అదే రూటు, అదే సిమెంటు లోడుతో నడిపిచ్చి రాసుకున్న. లేకుండా లీటరుకు 4.05 కిలోమీటర్లు, మందుతో 4.08. ఆ తేడా నురుగు లెక్కలోనే కొట్టుకుపోతది. టైర్లలో గాలి సరి చూసుకున్న నెల వచ్చిన తేడా దీనికంటే ఎక్కువ.

అన్ని మందులూ పనికిరానివని అనను. ఇంజనులోకి డీజిల్ చిమ్మే నాజిల్స్‌లో మసి పేరుకున్న పాత బండికి డిటర్జెంట్ రకం కొంత మేలు చెయ్యొచ్చు. సీజన్ లేక నెలల తరబడి నిలబెట్టిన బండిలో నీళ్లు చేరి, నీళ్లకూ డీజిల్‌కూ నడుమ నల్లటి జిగురు పుడితే దాన్ని చంపే మందు నిజంగా అవసరం. కానీ ముందు ట్యాంకు కడగాలి. నీళ్లకు మందు కంటే, డీజిల్ నుంచి నీళ్లను వేరు చేసే వాటర్ సెపరేటర్ విప్పి వంచడమే మేలు. నీళ్లను డీజిల్‌లో కలిపేసే రకం మందు కామన్ రైల్ బండికి (ఎక్కువ ప్రెషర్‌తో ఒకే పైపు నుంచి అన్ని ఇంజెక్టర్లకూ డీజిల్ అందే రకం) అసలే వద్దు, ఆ నీళ్లు నేరుగా ఇంజెక్టర్లకు పోతయి. డీజిల్ గడ్డకట్టకుండా పోసే మందు మనకెందుకు? లద్దాఖ్ చలికి 2019లో ప్రత్యేకంగా డీజిల్ తెచ్చిండ్రు, అది మైనస్ 33 డిగ్రీల దాకా పారుతది. మన నల్లగొండ, పాలమూరు చలికాలం ఆ లెక్కలోకే రాదు.

గంధకం తీసిన డీజిల్‌కు జారుడు (పంపు లోహాలు అరగకుండా కాపాడే గుణం) తగ్గుతది, అందుకే ఇంజనాయిల్ కలపాలని పాత డ్రైవర్లు చెప్తరు. గంధకం తీస్తే జారుడు తగ్గేది నిజమే, కాని దానికి తగిన పదార్థం రిఫైనరీ కాడనే కలిపి పంపుతరు. నువ్వు ఇంజనాయిల్ కలిపితే బీఎస్-6 బండి సైలెన్సర్‌లోని ఫిల్టరులో బూడిద చేరుతది. కిరోసిన్ అయితే ఉన్న జారుడు కూడా పోగొడతది, అది కల్తీ కూడా. ఇంకొకటి, యాడ్‌బ్లూను డీజిల్ మందు అనుకొని డీజిల్ ట్యాంకులో పోసిన పిల్లగాళ్లను చూసిన. అది పొగను శుభ్రం చేయడానికి వాడే 32.5 శాతం యూరియా నీళ్లు, దాని ట్యాంకు వేరు. పొరపాటున పోస్తే బండి స్టార్ట్ చెయ్యకు, తాళం కూడా తిప్పకు, ట్యాంకు మొత్తం దింపి కడిగించు.

నీ బండి బీఎస్-6 అయితే డీజిల్ అయిపోయి ఆగడం మాటలు కాదు. హై ప్రెషర్ పంపుకు నూనె లాంటిది డీజిలే, అది లేకుండా తిరిగితే లోహం అరిగి ఆ పొడి ఇంజెక్టర్లలోకి పోతది. డీజిల్ పైపుల్లో ఎయిర్ పట్టినప్పుడు సెల్ఫ్ మీద సెల్ఫ్ కొట్టకు. డీజిల్ పోసి, చేతి పంపు గట్టిపడేదాకా కొట్టి, అప్పుడు స్టార్ట్ చెయ్యి. ఆ రోజు ఎక్కువసేపు సెల్ఫ్ కొట్టి ఉంటే ఒకసారి ఫిల్టరు విప్పించి లోపల మెరిసే పొడి ఉందేమో చూపించు.

యూనిట్ బాగయ్యేదాకా శ్రీశైలం దిక్కు పోతే అచ్చంపేటలోనే కర్రతో చూసి పోయించుకో. రాత్రి 9 దాటితే మన్ననూరు గేటు మూస్తరు, అడవిలో ఆగితే తెల్లారేదాకా సాయం రావడం కష్టం.