హోలోగ్రామ్ స్టిక్కర్ ఉంటే జెర్సీ అసలైనదేనా? మా అమ్మ పీకేసిన స్టిక్కర్ కథ

అడిగిన ప్రశ్న ఇది: "అమెరికాలో ఆటగాళ్లు వేసుకున్న జెర్సీలు, సంతకాలు పెట్టిన బంతులు హోలోగ్రామ్ స్టిక్కర్ అంటించి అమ్ముతున్నారు. ఆ స్టిక్కర్ని నమ్మి వందల డాలర్లు పెట్టొచ్చా?"

పెట్టొచ్చు. కాకపోతే ఇండియా నుంచి అమ్మో అత్తగారో వచ్చే ముందు అల్మారాకి ఒక తాళం కూడా కొనండి.

మేం డాలస్ దగ్గర ఉంటాం. 2024 వేసవిలో ఆర్లింగ్టన్‌లో రేంజర్స్ బేస్‌బాల్ మ్యాచ్ చూసి వస్తూ ఒక జెర్సీ కొన్నాను. నిజంగా మ్యాచ్‌లో వేసుకున్నది. అప్పుడప్పుడు ఆడే ఒక ఇన్‌ఫీల్డర్‌ది, పేరు చెప్పినా మీరు విని ఉండరు. 375 డాలర్లు. ఇంట్లో 75 అని చెప్పాను. బేస్ మీదకి బోర్లా దూకినప్పుడు అంటిన ఎర్రమట్టి ఛాతీ మీద అలాగే ఉంది. కింది అంచు దగ్గర ట్యాగ్ మీద మేజర్ లీగ్ (అమెరికాలో పెద్ద బేస్‌బాల్ లీగ్) వాళ్ల హోలోగ్రామ్, దాని మీద ఒక నంబర్. ఆ మట్టికీ ఆ స్టిక్కర్‌కే నేను డబ్బులిచ్చింది. గుడ్డదేముంది, దుకాణంలో కొత్తదే అంతకన్నా తక్కువకి వస్తుంది.

ఆ సెప్టెంబర్‌లో మా అమ్మ తెనాలి నుంచి వచ్చింది. ఒక శనివారం కూరగాయలు తెచ్చి లోపలికి అడుగుపెడితే, పెరట్లో రెండు కుర్చీల మధ్య కట్టిన తాడు మీద నా జెర్సీ ఆరుతోంది. (మా కాలనీ అసోసియేషన్ వాళ్లకి బట్టలు బయట ఆరేయడం కూడా నేరమే. టెక్సాస్ ఎండని వదిలేసి కరెంటు డ్రయ్యర్లో ఆరబెట్టుకోవాలట! దాని గురించి ఇంకో ప్రశ్న ఎవరైనా అడగండి, చెప్తాను.)

"ఎవడిదిరా ఆ చొక్కా? ఎంత మురికో! రెండుసార్లు నానబెడితే గానీ వదల్లేదు. ధర స్టిక్కరు కూడా పీకకుండా పెట్టుకున్నావు. ఇస్త్రీ పెట్టె కాస్త చూపించి గోటితో లాగితే ముక్కలుముక్కలుగా వచ్చింది. ఏం జిగురో, పాడు జిగురు."

ఆవిణ్ణి అనడానికేం లేదు. స్టీలు గిన్నెల మీద స్టిక్కర్లు స్టవ్ మీద వెచ్చచేసి పీకి, మిగిలిన జిగురుని కొబ్బరినూనెతో తుడిచి యాభై ఏళ్లు సంసారం చేసిన మనిషి. (గిన్నె సరిగ్గా మధ్యలో, ఎంత తోమినా పోని జిగురుతో స్టిక్కర్ అంటించే మహానుభావులు ఎవరో ఒక్కసారి కనిపిస్తే బాగుండు.) ఈ స్టిక్కర్ కూడా ఊడకూడదనే చేస్తారు. ఒక జెర్సీ నుంచి తీసి ఇంకో దాని మీద అంటించబోతే చిరిగి ముక్కలైపోవాలి. మా ఇంట్లో అది తన పని నూటికి నూరుపాళ్లు చేసింది. ట్యాగ్ మీద వెండి రంగు పొర కొంచెం మిగిలింది, నంబర్ పోయింది.

జెర్సీ విలువంతా ఎక్కడుందో నాకు అప్పుడే తెలిసొచ్చింది. ఈ స్టిక్కర్ల వెనక ఒక పెద్ద కేసు ఉంది. తొంభైల్లో ఎఫ్‌బీఐ వాళ్లు ఆపరేషన్ బుల్‌పెన్ అని దొంగ సంతకాల ముఠాల మీద పడ్డారు. శాన్ డియాగో ఆటగాడు టోనీ గ్విన్ తన సంతకంతో అమ్ముతున్న వస్తువులు చూసి, ఇవి నేను పెట్టినవి కావని తనే చెప్పాడు. ఆ సోదాల్లో మదర్ థెరిసా సంతకంతో బేస్‌బాల్ బంతులు కూడా దొరికాయి. ఆవిడ బేస్‌బాల్ మీద సంతకం పెట్టడమేమిటని కొన్నవాడికి తట్టలేదు, ఎందుకంటే ఆ ముఠా సరుకుకి సర్టిఫికెట్లుండేవి! కాగితం ఉంటే చాలు, మన బుర్ర సెలవు తీసుకుంటుంది.

ఆ తర్వాత 2001లో మేజర్ లీగ్ వాళ్లు ఈ హోలోగ్రామ్ పద్ధతి పెట్టారు. ప్రతి మ్యాచ్‌కీ కనీసం ఒక మనిషి కూర్చుంటాడు, ఎక్కువమంది పోలీసులు, రిటైరైన పోలీసులు. వస్తువు మైదానం నుంచి తన కళ్ల ముందే రావాలి, అప్పుడే స్టిక్కర్. నంబర్ కొడితే ఏ రోజు, ఏ మ్యాచ్, ఏ వస్తువు అన్నది సైట్లో వస్తుంది. బంతి ప్రేక్షకుల్లోకి వెళ్లి కళ్లు తప్పిందా, అది నిజమైనదే అయినా స్టిక్కర్ ఇవ్వరు. అందుకే 2022 అక్టోబర్ 4న మా ఆర్లింగ్టన్‌లోనే యాంకీస్ ఆటగాడు ఆరన్ జడ్జ్ ఆ సీజన్‌లో తన 62వ హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కొట్టినప్పుడు, ముందే రహస్య గుర్తులు వేసిన బంతులు వాడారు. స్టాండ్స్‌లో పట్టుకున్నాయన దాన్ని వేలంలో 15 లక్షల డాలర్లకి అమ్ముకున్నాడు. ఆ గుర్తు లేకపోతే, ఇదే ఆ బంతి అని ఎవరికి నిరూపిస్తాడు?

ఇక మీరు అడిగినదానికి సూటిగా చెప్తాను. మార్కెట్లో స్టిక్కర్లు రెండు రకాలు. ఒకటి "నేను చూశాను" అంటుంది, రెండోది "చూస్తే అసలుదే అనిపిస్తోంది" అంటుంది. పీఎస్‌ఏ, జేఎస్‌ఏ, బెకెట్ లాంటి కంపెనీలు సంతకాన్ని పోల్చి అభిప్రాయం చెప్తాయి. తమ ఎదురుగా పెట్టించిన సంతకాలకి వేరే స్టిక్కర్ ఇస్తాయి. చాలామంది ఈ తేడా చూడకుండా మెరుస్తోంది కదా అని కొనేస్తారు. నేనైతే రెండో రకానికి సగం ధర కూడా ఇవ్వను. పోల్చేవాడు ఎంత మొనగాడైనా, సంతకం పెట్టేటప్పుడు ఆ గదిలో లేడు కదా. ఇక మొదటి రకమే అయినా నంబర్ కొట్టి చూడండి. అక్కడ "బంతి" అని వచ్చి మీ చేతిలో జెర్సీ ఉంటే, ఎవడో నంబర్ కాపీ కొట్టాడన్నమాట.

నా జెర్సీ సంగతి. కొన్న రోజు ఫోన్‌లో తీసిన ఫోటోలో నంబర్ స్పష్టంగా ఉంది. సైట్లో వివరాలన్నీ వస్తాయి. కానీ అమ్మబోతే ఒకాయన 60 డాలర్లు ఇస్తానన్నాడు. "ఆ నంబర్ ఏదో జెర్సీదే, కాదనను. అది ఈ జెర్సీయేనని ఎలా చెప్తావు?" అన్నాడు. కడుపు మండింది గానీ, ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే అడుగుతాను. మ్యాచ్ ఫోటోలు పెద్దవి చేసి కుట్లు, పోగులు పోల్చి నిరూపించే పద్ధతి ఒకటుంది. రెండు రాత్రులు కూర్చుని, గుండీ పక్కన అంకె కుట్టు ఎక్కడ మొదలైందో కొలిచాను. సరిపోయినట్టే ఉంది. మట్టి మరక ఉండి ఉంటే ఒక్క నిమిషంలో తేలిపోయేది.

ఇదంతా అమ్మకి చెప్తే చేతి గాజు తీసి చూపించింది. 2023 ఏప్రిల్ నుంచి ఇండియాలో హాల్‌మార్క్ బంగారు నగలకి అక్షరాలూ అంకెలూ కలిపి ఆరుండే నంబర్ తప్పనిసరి చేశారు కదా, అది గాజు లోపల లేజర్‌తో చెక్కి ఉంది. "దీని మీద చెక్కారు. మీ వాళ్లు అంత డబ్బు తీసుకుని చొక్కా మీద నంబరు కుట్టలేరా? కాగితం అంటిస్తే నేను కాకపోతే ఇంకొకరు పీకుతారు" అంది.

మా ఆవిడ అప్పుడే వంటింట్లోంచి వచ్చి, "అంత డబ్బంటే ఎంత?" అని అడిగింది.