పీస్ స్టేషన్‌కు దిగుతున్న పల్టన్

1999 సెప్టెంబర్

చిరంజీవి మేనల్లుడికి,

కార్గిల్ నుంచి పీస్ స్టేషన్‌కు, అంటే యుద్ధం లేని చోటి కంటోన్మెంటుకు, దిగుతున్న పల్టన్‌కు (బెటాలియన్‌కు) నువ్వు సీఓగా, కమాండింగ్ ఆఫీసర్‌గా, వెళ్తున్నావని చెల్లాయి ఫోన్‌లో చెప్పింది. ఆ రాత్రంతా నిద్ర లేదు. సంతోషమూ ఉంది, టెన్షనూ ఉంది.

ముందు గ్రెనేడ్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టించు. కిట్ బ్యాగులు, బండ్లు అన్నీ వెతికించు. ఇది నీకు తెలిసిందే. పోయినవాళ్ల పెన్షన్ కాగితాలు మాత్రం క్లర్కులకు వదిలెయ్యకు, నువ్వే చూడు.

ఇక నేను సీఓగా ఉన్నప్పుడు చేసిన తప్పు చెబుతాను. 1971 డిసెంబర్ 17న పశ్చిమాన కాల్పులు ఆగాయి. సిమ్లా ఒప్పందం 1972 జూలైలో జరిగింది, కశ్మీర్‌లో నియంత్రణ రేఖ తేలేసరికి మళ్లీ డిసెంబర్ వచ్చింది. అప్పటిదాకా మేము మందుపాతరల మధ్యే ఉన్నాం. కిందికి దిగిన నెలకే ఇన్‌స్పెక్షన్. పల్టన్ అద్దంలా ఉండాలని నా పట్టుదల. ఒక కంపెనీలో సగం మంది పోయారు. లెక్క కుదరాలని మిగిలినవాళ్లను మిగతా కంపెనీలకు పంచేశాను. ఒకే గోతిలో పడుకున్నవాళ్లు, తమ పక్కన పోయినవాడి పేరు కూడా తెలియనివాళ్ల మధ్య పడ్డారు.

వాళ్లలో ఒక కుర్రాడు సెలవు అడిగాడు. ఇన్‌స్పెక్షన్ అయ్యాక చూద్దామన్నాను. చెప్పకుండా వెళ్లిపోయాడు. పదకొండు రోజులకు తనే తిరిగొచ్చాడు. బెల్టు, టోపీ తీయించి ఆర్డర్లీ రూమ్‌లో, సీఓ విచారణ జరిపే గదిలో, నా ముందు నిలబెట్టారు. ఎక్కడికి పోయావంటే "తప్పయింది సాబ్" అన్నాడు, అంతే. సీఓగా నేను వేయగలిగిన ఖైదు 28 రోజులు. 28 రోజులూ వేశాను.

శిక్ష ముగిసిన వారానికి ఒక పోస్టుకార్డు వచ్చింది. పోయిన జవాను తల్లి ఎవరిచేతో రాయించింది. మా వాడి స్నేహితుణ్ణి పంపినందుకు దండాలు, గడియారం తెచ్చిచ్చాడు, వానకు ముందే ఇంటి కప్పు నేసి వెళ్లాడు అని. నేనే పంపాననుకుంది ఆ తల్లి.

కుర్రాణ్ణి పిలిపించి, ఆ రోజు ఎందుకు చెప్పలేదురా అన్నాను. "చెబితే అక్కడే ఏడ్చేస్తానని సాబ్." అతని కాగితాల్లో ఆ శిక్ష రాసిన ఎర్ర సిరా అలాగే ఉండిపోయింది. నాయక్‌గా ప్రమోషన్ పట్టీ ఆలస్యమైంది. ఇరవై ఏడేళ్లవుతోంది, అతని గొంతు నన్ను వదల్లేదు.

అందుకే చెబుతున్నాను, బ్యారకులకు సున్నం ఆలస్యమైనా పరవాలేదు. కలిసి పోరాడిన సెక్షన్లను, ఆ చిన్న జట్లను, విడదీయకు. కొత్త రిక్రూట్లను తెచ్చి వాళ్ల మధ్యనే వెయ్యి. జవానుకు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవుంది, ఈసారి ఎంతమందికి దక్కిందో రిజిస్టర్ తీసి చూడు. నోరు విప్పి మాట్లాడనివాళ్లను ముందు సెలవుకు పంపు. అల్లరి చేసేవాడి గురించి నాకు భయం లేదు. ఎవరైనా తప్పు చేసి నీ ముందుకొస్తే శిక్ష రాసేముందు ఒక్కణ్ణే కూర్చోబెట్టి అడుగు. తొందరపడ్డావో, నేనే వచ్చి నీ చెవి మెలేస్తాను, సీఓవైనా సరే.

నువ్వూ ద్రాస్‌లో యుద్ధం చూసి వచ్చినవాడివే కదా నాన్నా. రాత్రిళ్లు నిద్ర పడుతోందా? పట్టకపోతే ఏ వేళైనా ఫోన్ చెయ్యి, నేను మేలుకునే ఉంటాను. మీ అమ్మకు రెండు ముక్కలు రాయి. నీ చేతిరాత చూసి చాలా రోజులైందని అంటోంది.

ఆశీస్సులతో,
మామయ్య