మొద్దుబారిన డ్రిల్ బిట్: సాన పట్టాలా, కొత్తది కొనాలా?

ప్రశ్న: గ్రిల్ పనికి వాడే 6, 8, 10 మి.మీ. హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) బిట్లు ఇనుములోకి దిగడం లేదు. గట్టిగా నొక్కితే పొగ వస్తోంది. ఇంట్లో బెంచ్ గ్రైండర్ ఉంది. సాన పట్టొచ్చా?

జవాబు: పట్టొచ్చు, పారేయకండి. ముందు మొనను వెలుతురులో చూడండి. కోసే అంచు వెంట సన్నటి తెల్లగీత మెరిస్తే అంచు మొద్దుబారినట్టే. అంతవరకే అయితే చిన్న పని. అంచు చివరి మూల కూడా గుండ్రమైపోతే మాత్రం ఆ అరిగిన మేరంతా పోయేదాకా తియ్యాలి, లేకపోతే బిట్ రంధ్రంలో బిగుసుకుపోతుంది.

గ్రైండర్ రాయికీ, బిట్ ఆనించే రెస్టుకీ మధ్య సందు 3 మి.మీ. దాటకూడదు. కళ్లద్దాలు తప్పనిసరి. గ్లవుజులు మాత్రం వద్దు, రాయి లాగేస్తుంది. బిట్‌ను రాయి ముఖానికి 59 డిగ్రీల వాలులో, కోసే అంచు పైకి, అడ్డంగా ఉండేలా పట్టుకోండి. అంచు రాయికి తగలగానే బిట్ తోకను (డ్రిల్‌లో బిగించే చివరను) మెల్లగా కిందికి దించండి. కిటుకంతా ఇక్కడే ఉంది. అంచు వెనక భాగం 8 నుంచి 12 డిగ్రీలు పల్లంగా అరగాలి. అది అంచుకన్నా ఎత్తుగా మిగిలితే మొన ఎంత మెరిసినా బిట్ రుద్దుతుందే తప్ప కొయ్యదు. ఒక వైపు మూడుసార్లు రాపిడి పెడితే రెండో వైపూ మూడుసార్లే. చేతికి వేడి తగిలినప్పుడల్లా నీళ్లలో ముంచండి. నీలం తిరిగేంత కాలాక ముంచితే అంచులో సన్నని పగుళ్లు రావచ్చు.

కోణం చూడడానికి కొలపరికరం అక్కర్లేదు. ఒకే సైజు ఆరు పలకల నట్లు రెండు, పలకకు పలక ఆనించి బల్ల మీద పెట్టండి. అవి కలిసేచోట వచ్చే సందు 120 డిగ్రీలు. మొనకు మనకు కావలసింది 118, అంటే ఒక్కో వైపు 59. మొన అందులో సరిగ్గా కూర్చుంటే చాలు. తర్వాత పాత ఇనుపముక్క మీద వేసి చూడండి. బిట్ మీది రెండు మెలిక గాడుల్లోంచీ ఇనుప పొట్టు చుట్టలు సమానంగా రావాలి. ఒకవైపే వస్తే ఆ అంచు ఎత్తుగా ఉందని అర్థం, దాన్నే ఇంకాస్త తియ్యండి. అలాగే వదిలేస్తే 8 మి.మీ. బిట్ అంతకన్నా పెద్ద రంధ్రం చేస్తుంది.

పొగకు అసలు కారణం చాలాసార్లు స్పీడే. మామూలు ఇనుముకు 6 మి.మీ. బిట్‌కు నిమిషానికి సుమారు 1,300 చుట్లు, 10 మి.మీ.కు 800 చాలు. స్టెయిన్‌లెస్ అయితే అందులో సగం. రెండు చుక్కల నూనె వేసి, ఆపకుండా ఒత్తిడి పెట్టండి. 3 మి.మీ. లోపు బిట్లు మాత్రం కొత్తవే కొనండి. అంత చిన్న అంచులు రెండూ చేత్తో సమానంగా రావు.

ప్రశ్న: శ్లాబులో కడ్డీ తగిలి గోడ బిట్ మొన విరిగింది. దీన్నీ సాన పట్టొచ్చా?

జవాబు: కొత్తది కొనండి. దాని మొనలో అతికించింది కార్బైడ్ (ఉక్కుకన్నా చాలా గట్టి పదార్థం) ముక్క. మామూలు గ్రైండర్ రాయి దాన్ని తియ్యలేదు, రాయే అరుగుతుంది. డైమండ్ రాయి లాంటి ప్రత్యేకమైనది కావాలి, విరిగిన ముక్కకు అంత శ్రమ దండగ. ఇకమీదట కడ్డీ తగిలిందనిపిస్తే వెంటనే హ్యామర్ డ్రిల్ ఆపి, రంధ్రం రెండంగుళాలు పక్కకు జరపండి.