ఫ్లూ వైరస్ ఒక్క రౌండ్‌తో ఆగిపోతుంటే ట్రిప్సిన్ చూసుకోండి

ఎండీసీకే కణాల్లో (ల్యాబులో పెంచే కుక్క మూత్రపిండ కణాలు) హెచ్3ఎన్2 రకం ఫ్లూ వైరస్ మొదటి రౌండ్ బాగానే ఎక్కింది, తర్వాత పెరగట్లేదని మీరు రాశారు. స్టాక్‌ను అనుమానించే ముందు మీడియం, అంటే కణాలను పెంచే ద్రవం చూడండి. మీరు రాసినదాంట్లో 10 శాతం సీరం (రక్తం నుంచి తీసే ద్రవం) ఉంది, ప్రొటీన్లను కోసే ఎంజైమ్ ట్రిప్సిన్ ఊసే లేదు.

మన శ్వాసనాళపు కణాల పైపొర మీద టీఎంపీఆర్ఎస్ఎస్2 అనే ఎంజైమ్ ఉంటుంది, ఇదీ ప్రొటీన్లను కోసేదే. వైరస్ మీది హెమాగ్లుటినిన్‌ను (కణానికి అతుక్కునే ప్రొటీన్) ఇలాంటి ఎంజైమ్ రెండుగా కోస్తేనే వైరస్ తర్వాతి కణానికి సోకగలదు. కోత పడకపోతే కణం మీదుండే సియాలిక్ ఆమ్లానికి అతుక్కుంటుంది, కణం లోపలికీ పోతుంది, కానీ అక్కడ వైరస్ పొర, కణపు పొర కలవక ఇరుక్కుపోతుంది. ఎండీసీకేలో ఆ కోత సరిపడా జరగదు. అందుకే ఆ కోత కోసం టీపీసీకే-ట్రిప్సిన్ (టీపీసీకే అనే రసాయనంతో ట్రీట్ చేసిన ట్రిప్సిన్) మనమే వేయాలి.

సీరం ట్రిప్సిన్‌ను పనిచేయనివ్వదు. కణాలను పీబీఎస్‌తో (ఉప్పు బఫర్ ద్రావణం) రెండుసార్లు కడిగి, సీరం లేని మీడియంలో మిల్లీలీటరుకు 1 మైక్రోగ్రాము ట్రిప్సిన్‌తో మొదలుపెట్టండి. మోతాదు ఎక్కువైతే కణాలు వాటంతటవే ఊడొస్తాయి, వైరస్ పనే అనుకుని మురిసిపోయేరు! వైరస్ లేకుండా ట్రిప్సిన్ మాత్రమే వేసిన వెల్ (కణాల ప్లేటులోని గుంట) ఒకటి పోల్చుకోడానికి పక్కన పెట్టుకోండి.