పూలచక్రం దారి తప్పకుండా ఉండాలంటే

ప్రశ్న: మిత్రుడి తండ్రి అంత్యక్రియలకు పూలచక్రం పంపాలి. కిందటిసారి పంపింది పక్క హాల్లో వేరేవాళ్ల దగ్గరికి వెళ్లింది. ఈసారి ఏం జాగ్రత్త తీసుకోవాలి?

జవాబు: అలా జరగడానికి మామూలుగా కారణం ఒకటే: ఆర్డర్‌లో మీ మిత్రుడి పేరే రాసి ఉంటారు. హాలువాళ్లకు తెలిసేది చనిపోయినవారి పేరు. అది ఇంటిపేరుతో సహా, హాలు నంబరు, కార్యక్రమం మొదలయ్యే సమయం, గేటు దగ్గర తీసుకునే మనిషి ఫోన్ నంబరు ఇవ్వండి. మిత్రుడి నంబరు మాత్రం వద్దు. ఆ పూట ఆయన ఫోన్ ఎత్తే స్థితిలో ఉండరు.

ఒకరోజు ముందే ఆర్డర్ చేయండి. లిల్లీలు కావాలంటే రెండు మూడు రోజులు, మొగ్గలు విచ్చాలి కదా. కార్యక్రమానికి గంటా రెండు గంటల ముందు చేరితే చాలు. ట్రాఫిక్‌కు అరగంట కలుపుకోండి.

పూలు గుచ్చే ఫోమ్‌ను నీళ్లమీద వదిలి, దానంతటదే మునగనివ్వమనండి. చేత్తో అదిమితే లోపల గాలి చిక్కి పొడిగా మిగులుతుంది. అక్కడి పూలే ముందు వాడతాయి. కార్డు బాల్‌పెన్‌తో రాయించి ప్లాస్టిక్ కవర్లో పెట్టించండి, జెల్ ఇంకు తడికి అలుక్కుపోతుంది.