ఇన్ఫెక్షన్ కంట్రోల్ పాఠం గుర్తుండాలంటే ఒక్కసారి లైట్లు ఆర్పండి

నర్సింగ్, పారామెడికల్ విద్యార్థులకు ఇన్ఫెక్షన్ కంట్రోల్ ఎలా చెబితే వార్డులో నిజంగా పాటిస్తారని అడిగారు. పదకొండేళ్లుగా నర్సింగ్ విద్యార్థులకు ఈ పాఠం చెబుతున్నాను. నన్నడిగితే, ముందు గ్లౌజుల మీద వాళ్లకున్న గుడ్డి నమ్మకం పోగొట్టాలి. మిగతాదంతా ఆ తర్వాతే.

ఒక బ్యాచ్‌లో చాలా చురుకైన అమ్మాయి ఉండేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన, చేతులు శుభ్రం చేసుకోవాల్సిన ఐదు సందర్భాలు నిద్రలో లేపి అడిగినా చెప్పేది. ఆ రోజు స్కిల్ ల్యాబ్‌లో, అంటే బొమ్మల మీద పని నేర్చుకునే గదిలో, బొమ్మ రోగికి ఐవీ (నరంలోకి ఇచ్చే) ఇంజెక్షన్ ఇవ్వమన్నాను. వాళ్లు రాకముందే మంచం రెయిలింగుకు ఒక పౌడర్ రాసి ఉంచాను. క్రిములకు బదులు అన్నమాట. మామూలు వెలుతురులో అది కనబడదు, యూవీ దీపం కింద మెరుస్తుంది. ఆ అమ్మాయి శానిటైజర్‌తో చేతులు రుద్దుకుంది, గ్లౌజులు వేసుకుంది, రెయిలింగు దించింది, దిండు సర్దింది, కాన్యులా (నరంలో ఉంచే సన్నటి గొట్టం) మూత తీసి మందు ఎక్కించింది. మధ్యలో జారిన కళ్లజోడు పైకి తోసుకుంది. చివర్లో గ్లౌజులు పద్ధతిగా విప్పి, మళ్లీ చేతులు రుద్దుకుంది. చుట్టూ ఉన్న పిల్లలందరూ బాగా చేసిందన్నారు.

లైట్లు ఆర్పి దీపం వేశాను. చేతులు శుభ్రంగానే ఉన్నాయి. కళ్లజోడు మెరుస్తోంది. దిండు మెరుస్తోంది, సిరంజి మెరుస్తోంది. కాన్యులా మూతి కూడా మెరుస్తోంది, అంటే మందు నేరుగా రక్తంలోకి వెళ్లే చోటు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆ అమ్మాయే, "మేడమ్, నిన్న వార్డులో కూడా నేను ఇలాగే చేశాను" అంది. గొంతు వణికింది. నాకూ వెంటనే మాట రాలేదు, చదువుకునే రోజుల్లో నేనూ అలాగే చేసేదాన్ని.

ఆ గ్లౌజులు ఆమె చేతుల్నే కాపాడాయి. రెయిలింగు, దిండు ముట్టుకున్నాక, కాన్యులా ముట్టుకునే ముందు వాటిని తీసేసి, చేతులు రుద్దుకుని, కొత్తవి వేసుకోవాలి. ఆ మూతిని స్పిరిట్ స్వాబ్‌తో తుడిచి ఆరనివ్వాలి. ఐదు సందర్భాల్లో రెండోది, క్రిములు సోకకుండా చేయాల్సిన పనికి ముందు అనేది, సరిగ్గా ఇక్కడిదే. ఆమెకు నోటికి వచ్చిందే.

పరీక్షల తీరు గురించి కూడా చెప్పాలి. చేతులు కడగడం ఎవరు మొదలుపెట్టించారంటే, 1847లో వియన్నాలో సెమ్మెల్వైస్ అనే వైద్యుడు అని రాస్తే మార్కులు పడిపోతాయి. శవపరీక్ష చేసి నేరుగా కాన్పుల వార్డుకు వచ్చే వైద్యుల చేత ఆయన క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగిస్తే బాలింతల మరణాలు బాగా తగ్గాయి. అయినా తోటి వైద్యుల్లో చాలామంది ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకోలేదో క్లాసులో ఎవరూ చర్చించరు. కానీ మన విద్యార్థులకు వార్డులో ఎదురయ్యేది అదే. వెళ్లిన మొదటి వారమే ఎవరో ఒక సీనియర్, "అవన్నీ పరీక్షల కోసం, ఇక్కడ అంత టైమ్ ఉండదు" అంటారు. హ్యాండ్ రబ్‌కు, అంటే శానిటైజర్‌తో చేతులు రుద్దుకోవడానికి, పట్టేది 20 నుంచి 30 సెకన్లు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. సీనియర్ చేయని పని విద్యార్థి ఎక్కువ రోజులు చేయదు, ఇది నేను ప్రతి బ్యాచ్‌లో చూశాను. అందుకే ఇప్పుడు స్కిల్ ల్యాబ్‌కు వార్డు సిస్టర్లను కూడా పిలుస్తున్నాను. వాళ్ల చేత కూడా అదే పని చేయించి, అందరి ముందే లైట్లు ఆర్పుతాను.

మీ దగ్గర పౌడర్, దీపం లేకపోతే నీళ్ల రంగు చాలు. గ్లౌజులు వేసుకున్న చేతుల్లో కొంచెం రంగు పోసి, కళ్లు మూసుకుని హ్యాండ్ రబ్ లాగే రుద్దమనండి. కళ్లు తెరిస్తే బొటనవేలు, వేళ్ల కొసలు చాలామందికి తెల్లగానే మిగిలిపోయి ఉంటాయి. ఆ తర్వాత అవే గ్లౌజులు విప్పమని, మణికట్టు దగ్గర రంగు అంటిందేమో చూసుకోమనండి.